మిలిటరీ హోటల్ బోర్డు

ఆదివారం, ఆత్మకూరు.

కోపం ఇంకా దిగలేదు. నాన్న పెట్టిన 'మిలిటరీ హోటల్' బోర్డును తమ్ముడు నన్నడగకుండా పీకేసి, 'ఫ్యామిలీ రెస్టారెంట్' అని తగిలించాడు.

"ఈడ మిలిటరీవాళ్లు ఎవరు తింటాండారక్కా?" అంటాడు. ఒరే, ఆ మాటకు మాంసం వండే హోటలని అర్థమని ఊరంతటికీ తెలుసు. తినేవాళ్లు అడగకుండా వస్తారు, తిననివాళ్లు గడప తొక్కరు. అందుకే కూర్చున్నవాళ్ల అన్నంలో అడగకుండానే మటన్ పులుసు పోయడం మా అలవాటు.

ఈరోజు రాజంపేట నుంచి శ్రీశైలం పోతున్న ఒక శెట్టిగారు తల్లితో వచ్చి కూర్చున్నాడు. అలవాటుకొద్దీ పోశాను. పప్పుచారనుకుని ఆ ముసలమ్మ కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత ఆమె ముఖం... రాయలేను.

"దేవుని కాడికి పోతాండామమ్మా! బయట ఒక్క మాట రాసింటే లోపలికి వస్తుంటిమా?" అన్నాడు కొడుకు.

"మెనూలో ఉండాది గదప్పా, చూసుకోవల్ల," అన్నాడు మా తమ్ముడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

ఆమె కాళ్లు పట్టుకున్నది నేను.

పాత బోర్డు కట్టెల కొట్టంలో దొరికింది. తుడిచి పెట్టాను. వండేది నేనే కదా, రేపు అది గుమ్మం మీదికి ఎక్కేదాకా పొయ్యి వెలగదు.