బంతి రానివాడి పరుగు

హోసూరు,
మార్చి చివరి ఆదివారం

ప్రియమైన నాయనకు,

ఇంత దగ్గర ఊరికి ఉత్తరమేంటి, ఫోను చేయరాదా అని అమ్మ సణుగుతుందని తెలుసు. ఫోనులో నువ్వు "తింటివా, అల్లుడు బాగుండాడా" అని రెండు మాటలు అడిగి, మూడో మాటకల్లా "ఉండు, మీ అమ్మకిస్తా" అంటావు. నాకు కావలసింది ఆ మూడో మాట తర్వాతది. అందుకే రాస్తున్నాను. బళ్లో తమిళం చదువుకుని వచ్చిన పిల్లను సాయంత్రాలు కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి, ఇప్పుడు ఓపిగ్గా చదవాల్సింది కూడా నువ్వే.

నేను బెంగుళూరు ఆఫీసులో ఏం చేస్తున్నానని ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని తేల్చేస్తావు. అసలు సంగతి ఇది. అమెరికాలో ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. పేరుకే ఫుట్, కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ మొనదేలి పెద్ద కొబ్బరికాయలాగా ఉంటుంది. ఒకడు దాన్ని చేత్తో దూరంగా విసురుతాడు. మైదానం అంచున నిలబడ్డ ఇంకొకడు పరిగెత్తి పోయి పట్టుకోవాలి. వాణ్ని రిసీవర్ అంటారు. అయితే అవతలి జట్టువాడు వీడి వెంటే అంటుకుని పరిగెత్తుతుంటాడు. కుడికి పోతున్నట్టు నమ్మించి ఎడమకు తిరిగి, వాణ్ని వదిలించుకుని పట్టుకోవాలి. మన ఖోఖోలో తరిమేవాణ్ని ఏమార్చి తప్పించుకునే పరుగే అది. అందుకే మొదటిరోజే ఆ ఆట నాకు కొత్తగా అనిపించలేదు. ఆ వీడియోలు చూసి ఎవడు ఎటు పరిగెత్తాడు, ఎన్ని అడుగులకు తిరిగాడు, పట్టాడా జారవిడిచాడా అని గుర్తులు పెట్టడమే నా పని.

ప్రతి ఏడూ ఏప్రిల్‌లో అక్కడి జట్లన్నీ కాలేజీ పిల్లల్లోంచి వరసగా ఒక్కొక్కరిని తీసుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటేడు అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు. అలా ఏడు రౌండ్లు. మొదటి రౌండులో పోయేవాళ్ల పేర్లు అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్ద కాలేజీ, మంచి ఎత్తు, గడియారం పెట్టి కొలిస్తే నేరు పరుగులో అందరికంటే ముందు. కానీ నాయనా, విచిత్రమేంటంటే, మూడో రౌండులోనో అయిదో రౌండులోనో ఎవరూ పట్టించుకోకుండా తీసుకున్నవాళ్లలో కొందరు రెండేళ్లకు ఆ మొదటివాళ్లను మించిపోతారు. వాళ్లను ముందే ఎలా కనిపెట్టాలి? ఈ ప్రశ్న నాకు తిండి కూడా సరిగ్గా తిననివ్వడం లేదు. మీ అల్లుడు హేమంత్ కంపెనీ నుంచి వచ్చి టీవీ పెట్టినా, నేను అందులో పరిగెత్తేవాళ్ల నడుములే చూస్తున్నానట. "ముఖం చూడొద్దు, ముఖం అబద్ధం చెప్తాది, నడుము చూడండి" అని నువ్వు గ్రౌండులో మాకు ఖోఖో నేర్పుతూ అరిచేవాడివి కదా, అది అక్కడ కూడా పనిచేస్తుంది. ఇంకొకటి నేనే కనిపెట్టాను. బంతి తనకు రాదని తెలిసినప్పుడు రిసీవర్ ఎలా పరిగెత్తుతాడో చూడాలి. చాలామంది ఊరికే కాళ్లీడుస్తారు. నిజమైనవాడు అప్పుడు కూడా, బంతి తనకే వస్తున్నట్టు ప్రాణం పెట్టి తిరుగుతాడు.

అలాంటివాడు ఒకడు నాకు దొరికాడు. చిన్న కాలేజీ, పదిహేడో నంబరు చొక్కా. పేరు పలకడం కష్టం, నేను పదిహేడు అనే పిలుచుకుంటాను. అతనికి బంతులు వేసిందే తక్కువ, కాబట్టి లెక్కల్లో ఎవరికీ కనబడడు. కానీ రాని బంతికి అతను పరిగెత్తే పరుగు చూస్తే, నువ్వయితే విజిల్ నోట్లోంచి తీసి నిలబడిపోతావు. ఈసారి మాకు పని ఇచ్చే, అక్కడి జట్లకు సలహాలమ్మే అమెరికావాళ్లు మా టీములో ఒక్కొక్కరినీ మొదటి రౌండు దాటాక తీసుకోదగ్గ ఒక్క పేరు, కారణాలతో రాయమన్నారు. బాగా రాసినవాళ్లను గుర్తులు పెట్టే పని నుంచి ఆటగాళ్లను అంచనా వేసే పనికి మారుస్తారు. నాకు ఆ పని కావాలి నాయనా. ఉద్యోగంలో నాకు ఇంతవరకు ఏదీ ఇంత కావాలనిపించలేదు.

పదిహేడు పేరు చెప్పగానే మా టీమ్ లీడరు పునీత్ (బాగలూరు అతనే, వాళ్లకు గులాబీ తోటలు) నవ్వాడు. "ఆ జట్టు కోచ్ యారో తెలుసామ్మా? వాడి నాయనే. కన్నతండ్రే వాడికి బంతి వేయించకపోతే, ఇంక మనమెందుకు చూడాల?" అన్నాడు.

ఇంటికొచ్చే బస్సులో అత్తిబెలె దాటేదాకా అదే మాట చెవుల్లో ఉండింది. ఎందుకో నీకూ తెలుసు.

ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉండగా కృష్ణగిరిలో జిల్లా ఖోఖో సెలెక్షన్ జరిగింది. ఎంపిక చేసేవాళ్లలో నువ్వొకడివి. పన్నెండు పేర్లు నువ్వే చదివావు. నా పేరు లేదు. చిట్టచివరి పేరు మన వీధి చిత్రది. చుట్టూ ఉన్నవాళ్లంతా "శేషప్ప మాస్టరు కన్నకూతురని కూడా చూడలేదప్పా" అని నిన్ను మెచ్చుకున్నారు. ఆ మంచిపేరు నీకు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నేను గ్రౌండుకు రాలేదు. నువ్వూ రమ్మనలేదు. చాలా ఏడ్చాను నాయనా. నీకు వినబడకుండా ఏడ్చాను.

ఇప్పుడు నిన్ను నిలదీయడానికి రాయడం లేదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. మైదానంలో కన్నబిడ్డ కనబడితే తండ్రి కన్ను ఎక్కువ చూస్తుందా, తక్కువ చూస్తుందా? జనం ఏమంటారోనన్న భయంతో బిడ్డను తగ్గించే తండ్రి అయితే, పదిహేడు ఆ లెక్కలకంటే చాలా పెద్ద ఆటగాడు. అతని పేరు ధైర్యంగా రాస్తాను. అలా కాక, తండ్రి చూసిందే నిజమైతే, నేను పొరబడుతున్నట్టు. అతని విషయంలోనూ, నా విషయంలోనూ. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను తట్టుకుంటాను.

నీ కూతురు,
మోనిషా

*

రాయకోట,
బుధవారం

మోనిషమ్మకు మీ నాయన రాసేది.

నాకు పుస్తకంలో మాదిరి రాయను రాదు. మాట్లాడినట్లే రాస్తా ఉండా. నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. మీ అమ్మ ఏమి రాసింది ఏమి రాసింది అని పక్కనే కూర్చున్నింది. ఆట గురించి రాసిందంతా చదివి వినిపించినాను. వెనకది వినిపించలేదు.

ముందు నీ ఆట సంగతి. బంతి కొబ్బరికాయ మాదిరి ఉంటాది అంటివే, అది కింద పడితే యాడికి ఎగురుతాదో ముందే ఎట్ల తెలుస్తాది? వెనకాల తరిమేవాడు చెయ్యి పట్టి లాగితే తప్పా, కాదా? రాని బంతికి పరిగెత్తేవాణ్ని చూడాల అని నువ్వు కనిపెట్టింది నాకు శానా నచ్చింది. నేను ఇన్నేండ్లు పిల్లకాయల్ని ఆడించినాను, నాకు అది తోచలేదు. ఖోఖోలో గూడా తన వంతు కానప్పుడు కూర్చున్న పిల్ల కండ్లు యాడ ఉండాయో చూస్తే సగం తెలిసిపోతాది. రేపటి నుంచి చూస్తా.

ఇప్పుడు నువ్వు అడిగింది. నువ్వు బాగా ఆడినావమ్మా. పన్నెండు మందిలో కాదు, మొదటి నలుగురిలో ఉంటివి. మిగతా సెలెక్టర్లు ఇద్దరూ నీ పేరు రాసినారు. కొట్టేసింది నేను.

జనానికి భయపడి కాదు. ఆ వారమంతా నువ్వు మిద్దె మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, గోడ పట్టుకొని దిగతా ఉంటివి. ఎడమ మోకాలు. నువ్వు ఎవురికీ చెప్పలేదు, మీ అమ్మకు గూడా. రాత్రిళ్లు తైలం పూసుకొంటా ఉంటివి, ఆ వాసన నాకు తెలీదా? సెలెక్షన్ దినం నువ్వు ఒక్కసారి గూడా ఎడమకాలు ఊని మళ్లలేదు. అంతా కుడికాలి మీదే. చూసేవాళ్లు అది నీ ఆట అనుకొన్నారు. రాష్ట్రపోటీలో మూడు దినాలు వరసగా ఆడితే ఆ మోకాలు ఉండేది కాదు. నీకు చెప్తే వినేదానివి కాదు. వాళ్లకు మోకాలు అని చెప్తే ఆ మాట నీ పేరు పక్కన ఉండిపోతాది, మరుసటేడు గూడా పిలవరు. అందుకని ఏమీ చెప్పకుండా కొట్టేసినాను. మరుసటేడు చూసుకొందాంలే అనుకొన్నాను. మరుసటేడు నువ్వు గ్రౌండుకు రాలేదు.

జనం నిజాయితీ అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు.

తండ్రి కన్ను ఎక్కువే చూస్తాదమ్మా. మైదానంలో చూసేది అందురూ చూస్తారు, ఇంట్లో మెట్ల మీద చూసేది తండ్రి ఒకడే. ఆ పిల్లోడ్ని వాళ్ల నాయన ఎందుకు ఆపినాడో, ఇంకొకసారి చూడు.

అల్లుడికి చెప్పు, వాన పడినాక రాగులు పంపిస్తా.

ఇట్లు
శేషప్ప

*

హోసూరు,
మే నెల, రెండో ఆదివారం

నాయనా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లు జవాబు రాయలేదు. ముందు నీ ప్రశ్నలు. ఆ బంతి కింద పడితే ఎటు ఎగురుతుందో అమెరికావాళ్లకు కూడా తెలియదు, దాని మీద పడి దొర్లుతారు. చెయ్యి పట్టి లాగితే తప్పే, కానీ అంపైరు చూస్తేనే తప్పు.

నీ ఉత్తరం చదివిన మర్నాడే ఆఫీసులో పదిహేడు వీడియోలన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. పిచ్చిదానిలాగా ముందు మెట్లే వెతికాను. అతను ఎక్కడైనా మెట్లు దిగుతూ కనబడతాడేమోనని. వాళ్ల మైదానాల్లో ఆటగాళ్లు వచ్చేదారికి మెట్లే లేవు నాయనా, ఏటవాలు బాట. పక్కసీటు నేత్ర "ఏంటే, ఆట మొదలుగాకముందే ఏం చూస్తా ఉండావు?" అని నవ్వింది. తర్వాత ఆటలోనే కనబడింది. సీజను మొదట్లో అతను ఇటూ అటూ కోసినట్టు తిరిగేవాడు. నడిమిలో ఒక ఆటలో కుడి మోకాలి మీద పడి, వెంటనే లేచి, ఏమీ కానట్టు చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత కుడికాలు ఊని తిరగాల్సిన ప్రతిసారీ కొంచెం గుండ్రంగా, వెడల్పుగా తిరుగుతున్నాడు. నేను దాన్ని సొగసు అని రాసుకున్నాను. నీ పక్కన కూర్చున్న ఆ ఇద్దరు సెలెక్టర్ల లాగే. అతనికి బంతులు తగ్గింది కూడా ఆ ఆట నుంచే. వాళ్ల నాయన అతన్ని ఆట మానిపించలేకపోయాడు, బంతి మాత్రం వేయించలేదు.

నివేదికలో ఏం రాయాలో తెలియక నాలుగు రోజులు తిరిగాను. దెబ్బ సంగతి రాయకపోతే, నా మాట నమ్మి ఎవరో మూడో రౌండులో తీసుకుంటారు, మొదటి నెలలోనే పరిగెత్తిస్తారు, ఆ మోకాలు పోతుంది. రాస్తే అతన్ని ఎవరూ తీసుకోరు. పునీత్ కూడా అదే అన్నాడు. "నువ్వు ఇది రాసినాక వాణ్ని యారు తీసుకొంటారు? ఇంకో పేరు ఇచ్చేయమ్మా, నీకు ఆ పోస్టు కావాలంటివి కదా." అతను నా మంచికే చెప్పాడు.

అప్పుడు తోచింది నాయనా. మొదటి రౌండులో తీసుకున్నవాణ్ని ఆ ఏడే ఆడించి తీరాలి. జనం ఊరుకోరు, పేపర్లు ఊరుకోవు. ఆరో రౌండులో తీసుకున్నవాణ్ని ఎవరూ అడగరు. ఒక ఏడాది కూర్చోబెట్టి, కాలు బాగుచేయించి, మరుసటేడు దింపినా ఎవరికీ తెలియదు. అందరి కళ్లూ ఉన్నచోట దొరకని వ్యవధి, ఎవరూ చూడని చోట దొరుకుతుంది. అదే రాశాను. "ఇతన్ని ఆరో రౌండులో తీసుకోండి. మోకాలు చూపించండి. ఒక ఏడాది ఆడించొద్దు. జట్టులో మాత్రం పెట్టుకోండి." పునీత్ రెండుసార్లు చదివి పంపించాడు.

డ్రాఫ్ట్ అయిపోయింది. పదిహేడును ఆరో రౌండులో ఒక జట్టు తీసుకుంది. మా నివేదిక చదివి తీసుకున్నారో, వాళ్లకే తోచి తీసుకున్నారో తెలియదు. వాళ్ల ఇంట్లో ఎవరో తీసిన చిన్న వీడియో వచ్చింది. పేరు చదవగానే అందరూ కేకలు పెట్టి అతని మీద పడ్డారు. వాళ్ల నాయన మాత్రం లేచి వంటింట్లోకి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఆ పని ఇస్తామని నిన్న చెప్పారు. జూన్ నుంచి. అమ్మకు నువ్వే చెప్పు.

ఇప్పుడు మన సంగతి. నువ్వు నన్ను తక్కువ చూశావని ఇన్నేళ్లు అనుకున్నాను. నేను గోడ పట్టుకుని దిగడం కూడా చూశావని తెలిసి, ఆ పేజీ పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. హేమంత్ భయపడి నీకు ఫోను చేస్తానన్నాడు, వద్దన్నాను. నువ్వు నా మోకాలు కాపాడావు. ఇప్పుడు మెట్లు దబదబా దిగుతున్నాను, బస్సు వెంట పరిగెత్తుతున్నాను. అందుకు నీకు దణ్ణం పెట్టాలి. పెడుతున్నాను.

కానీ కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎందుకో ఆరో రౌండు సంగతి రాస్తున్నప్పుడే తెలిసింది. జట్టుకు పన్నెండు మంది. మైదానంలోకి దిగేది తొమ్మిది మంది. మిగిలిన ముగ్గురూ కూర్చునేవాళ్లే. చిత్ర రాష్ట్రపోటీ జరిగిన ఆ మూడు రోజులూ ఒక్క ఆట కూడా ఆడలేదు. కూర్చుని, అరిచి, నీళ్లందించి, వీపు మీద జిల్లా పేరున్న చొక్కా తొడుక్కుని ఇంటికొచ్చింది. రెండేళ్లు బడికి అదే వేసుకొచ్చింది. నేను రోజూ దాని వెనకే నడిచాను. నువ్వు ఎవరికీ మోకాలు మాట చెప్పే అవసరం ఉండేది కాదు. నన్ను కొట్టేసే అవసరమూ ఉండేది కాదు. పన్నెండో పేరుగా చదివేసి, ఆడించకుండా ఉంటే సరిపోయేది.

కూర్చోమంటే కూర్చునేదాన్ని నాయనా.

నీ కూతురు,
మోనిషా