కుర్చీ వెనక నిలబడ్డవాడు

నా బంగారు తండ్రి సెన్నుకి,

నేను అమ్మని, రాస్తున్నాను. గిన్నె అడుగున అక్షరాలు, పైన ఖర్జూరం రొట్టె. రొట్టె తిన్నాక చదువుకో. వంకర రాతని చూసి నవ్వకు. నువ్వూ రాజూ పంతులు దగ్గర రాసి పారేసిన కుండపెంకులు ఏరుకుని నేర్చుకున్న చదువు ఇది, ఇంతకన్నా బాగా ఎలా వస్తుంది? గిన్నె గుండ్రంగా తిప్పుకుంటూ రాస్తున్నాను, తల తిరుగుతోంది.

నిన్ను కొండలో పెట్టి పది రోజులైంది. అంతకుముందు డెబ్బై రోజులు ఉప్పులో ఉంచారు. నన్ను లోపలికి రానివ్వలేదు. రోజూ ఆ గుడారం బయట కూర్చునేదాన్ని. ఒకరోజు అక్కడి పనివాడు చేతులు కడుక్కుంటూ బయటికొచ్చి, "అమ్మా, మీవాడి కుడి మోకాలి మీద పాత మచ్చ ఉంది, ఏమిటది?" అని అడిగాడు. బాతుని తరుముతూ పొయ్యి మీద పడ్డాడని చెప్పాను. "బాతు దొరికిందా మరి?" అన్నాడు. దొరకలేదన్నాను. ఇద్దరం నవ్వాం. ఎందుకు నవ్వానా అని ఇంటికొచ్చి తల బాదుకున్నాను.

ఎలా జరిగిందో రాజే వచ్చి చెప్పాడు. తల మీద కిరీటం లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. "జమ్ములోకి నీటిగుర్రం వేటకి వెళ్ళాం అమ్మా. సెన్ను వద్దన్నాడు. నేనే ఈటె విసిరాను. పడవ బోల్తా పడింది. వాడు నన్ను గట్టు మీదికి తోశాడు. నేను వెనక్కి తిరిగేసరికి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి" అన్నాడు. నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చాడు. దేవుడని లోకమంతా మొక్కే పిల్లవాడు, ముక్కు నా గుడ్డకి తుడుచుకున్నాడు. నేను తల నిమిరాను. నిమురుతూ ఉంటే ఒక్కసారి నా చెయ్యి ఆగింది సెన్నూ. నువ్వు చూసే ఉంటావు. మళ్ళీ నిమిరాను.

నీ పక్క గోడ మీద నా బొమ్మ ఉంది చూడు. వాడు రాజైన ఏడాది తన దాదికని తొలిపించిన సమాధి అది. నాకోసం తొలిచినదాంట్లో నువ్వు ముందు వెళ్ళి పడుకున్నావు. బొమ్మలో నేను కుర్చీలో, కిరీటం పెట్టుకుని వాడు నా ఒళ్ళో, కుర్చీ మీద చెయ్యి వేసి నువ్వు వెనక. అది గీసిన రోజు నీకు తొమ్మిదేళ్ళు. "అమ్మా, నేనెందుకు నిలబడ్డాను? నాకు కాళ్ళు నొప్పి పుట్టవా?" అని అడిగావు. "ఊరుకోరా, వాడు రాజు కదా" అన్నాను. పాలప్పుడూ అదే మాట. ముందు వాడికి, మిగిలితే నీకు. ఎనిమిదో నెలకే నీకు బార్లీ గంజి పట్టాను. నువ్వు మాత్రం ఏమీ మనసులో పెట్టుకోలేదు, పిల్లిలా పాలు నాకుతాడని వాణ్ణి మియు అని పిలిచేవాడివి. రాజయ్యాక కూడా ఎవరూ లేనప్పుడు అలాగే పిలిచావు.

ఒక్కటే అడుగుతాను. వాడి మీద కోపం పెట్టుకోకు. ఇక్కడ చూసుకున్నట్టే అక్కణ్ణించి కూడా వాణ్ణి చూసుకో. నేను ఎంతో ఆలస్యం చెయ్యను. నా చోటు నీ పక్కనే ఉంది, చాప కూడా పరిచారు.

నీ అమ్మ,
ఇపాయి

*

చిట్టి నాన్నా సెన్నూ,

కిందటి గిన్నె ఖాళీగా ఉంటే తిన్నావని సంబరపడ్డాను. ఇంతలో కాపలా ముసలాయన ఖుయి నోరు తుడుచుకుంటూ వచ్చాడు. "మీవాడు వాసన తీసుకున్నాడమ్మా, మిగిలింది నేను తీసుకున్నాను. గుళ్ళో దేవుడికి పెట్టింది పూజార్లు తినరా?" అన్నాడు. "రొట్టె కాస్త మాడిందట, నీకు చెప్పమన్నాడు" అని కూడా అన్నాడు, దొంగ సచ్చినోడు. నిజంగానే మాడింది. నాకు పొయ్యి మీద ధ్యాస ఉండడం లేదు.

ఇంక అసలు సంగతి. రాజుకి ఒంట్లో బాగాలేదు. నిన్ను కొండలో పెట్టిన నెలకి మొదలైంది. మూడు రోజులకోసారి చలి, వణుకు, తరవాత నిప్పులాంటి జ్వరం. వైద్యులు తేనె పట్టారు, మెడలో తాయెత్తులు కట్టారు. ఏమీ పని చెయ్యలేదు. ఇప్పుడు మంత్రాల పూజారి నఖ్తు, ఇది రోగం కాదు, ఎవరో చచ్చినవాళ్ళు పట్టుకున్నారని తేల్చాడు. నిన్న ఇద్దరు భటుల్ని వెంటబెట్టుకుని మన ఇంటికే వచ్చాడు.

"దాదమ్మా, జ్వరంలో ప్రభువు ఎవరి పేరు కలవరిస్తున్నారో తెలుసా?" అన్నాడు.

"తెలియదయ్యా."

"నీ కొడుకు పేరు. చెయ్యి, చెయ్యి అంటున్నారు. నీ కొడుకు ఆయన చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు."

"వాడు పైకి తోసినవాడయ్యా. లాగేవాడు కాదు."

"బతికున్నప్పుడు తోశాడు. చచ్చాక బుద్ధి మారదని ఏముంది? ఒకే పాలు తాగారు, ఒకడు సింహాసనం మీద ఉన్నాడు, ఒకడు పెట్టెలో ఉన్నాడు. కడుపు మండదా?"

కడుపు మండడానికి నీకెన్ని కారణాలున్నాయో నాకు తెలిసినంత ఆయనకి తెలియదు.

నీకు ఉత్తరం రాయమన్నాడు. తల్లి చేతి రాతైతే వింటావట. మంచి తెల్లటి జమ్ము కాగితం తెచ్చి, ఆయన చెబుతూ ఉంటే నా చేత రాయించాడు. "ప్రభువుని ఎందుకు పట్టుకున్నావు? నీకు తిండి తక్కువ చేశామా? బట్ట తక్కువ చేశామా? విడిచిపెట్టు, లేదా చచ్చినవాళ్ళుండే పడమటి లోకపు దేవుళ్ళ ముందు నీ మీద వ్యాజ్యం వేస్తాం." నా బిడ్డని నేను ఎప్పుడూ అలా కసరలేదు. కలం ఆపి ఆయన వంక చూస్తే "దాదమ్మా, సిరా ఒలుకుతోంది" అన్నాడు.

పైన పెట్టిన ఆ కాగితం నఖ్తుది. కింద ఉన్న ఈ గిన్నె నాది. నాకు నిజం చెప్పు. నువ్వు కాదు కదా? కలలోకి వచ్చి ఒక్క మాట చెప్పు చాలు. నువ్వే అయితే మాత్రం వదిలెయ్యి నాన్నా. పాల సంగతి, గంజి సంగతి నువ్వూ నేనూ తేల్చుకుందాం. అది నా తప్పు, వాడిది కాదు. చంటిబిడ్డకి రొమ్ము ఎవరిదో ఏం తెలుసు.

నీ అమ్మ,
ఇపాయి

*

నాన్నా,

ఏడు రోజులు ఎదురుచూశాను. కలలోకి రాలేదు. పగలు కూడా పడుకుని చూశాను.

రాజుని చూడనిచ్చారు. నువ్వైతే గుర్తుపట్టవు. బుగ్గలు లోపలికి పోయాయి, పాదాలు రెండూ చల్లగా ఉన్నాయి. వాడికి పాదాలు చల్లబడితే నిద్రపట్టదు, చిన్నప్పుడు నీ పొట్ట మీద పెట్టి పడుకునేవాడు, నువ్వు "తియ్యరా మియూ" అని అరిచేవాడివి. నా చేతుల్లోకి తీసుకుని రుద్దాను. అప్పుడు కలవరించాడు. నా చెవులతో విన్నాను. "సెన్నూ, చెయ్యి వదలకు. వదలకు." నువ్వు లాగుతున్నావని కాదు, నిన్ను పట్టుకోమని అడుగుతున్నాడు. ఇంకా ఆ నీళ్ళలోనే ఉన్నాడు సెన్నూ. బయటికి రాలేదు.

ఆ మాటే నఖ్తుకి చెప్పాను. "నువ్వు తల్లివి, నీకు అలాగే వినబడుతుంది" అన్నాడు. తరవాత మెల్లగా, పంటల లెక్క చెప్పినట్టు చెప్పాడు. వచ్చే అమావాస్య దాకా చూస్తారట. జ్వరం తగ్గకపోతే నీ పేరు ఉలితో చెక్కి తీసేస్తారు. తలుపు మీద, పెట్టె మీద, గోడ మీద, నువ్వు ఎక్కడెక్కడ ఉంటే అక్కడ. పెట్టె బయట పారేస్తారు.

నేను ఆయన కాళ్ళ మీద పడ్డాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు. పేరు లేకపోతే నువ్వు పడమట కూడా ఉండవు. నేను అక్కడికి వచ్చి ఏమని పిలుస్తాను? ఎవర్ని పిలుస్తాను? ఒకసారి పోగొట్టుకున్నాను, రెండోసారి కూడా పోగొట్టుకోమంటే ఎలా?

"కాళ్ళు వదులు దాదమ్మా, నాకేం సరదానా?" అన్నాడు. చెడ్డవాడు కాడు. ఆయనకీ భయం. రాజు పోతే ముందు ఆయన తలే పోతుంది.

లేచి కళ్ళు తుడుచుకుంటూ ఒకటి అడిగాను. "అయ్యా, చచ్చిన కొడుకు తనంతట తనే చేస్తే తప్పు. అదే తల్లి చెయ్యమని అడిగితే?"

"తల్లి అడిగితే కొడుకు కాదనలేడు. అప్పుడు తప్పు అడిగినదానిది." చెప్పేసి నా వంక చూశాడు. "ఎందుకడిగావు?"

"ఊరికే" అన్నాను.

అమావాస్య ఇంకా ఆరు రోజులుంది. నువ్వేమీ చెయ్యగలిగితే ఇప్పుడే చెయ్యి. చెయ్యలేకపోతే నీ మీద కోపం లేదు. వాడి పాదాలు మాత్రం కాస్త వెచ్చగా పట్టుకో.

నీ అమ్మ,
ఇపాయి

*

నా తండ్రీ, నా సెన్నూ,

ఇది ఆఖరి గిన్నె. నేను కొండకి రాకూడదు, అందుకని ఖుయి చేత పంపుతున్నాను. ఆయనకి చదువు రాదు. పైన ఉల్లిపాయలు, ఎండుచేప పెట్టాను, అవి ఆయన తింటాడు, తిననీ. తిన్నాక గిన్నెలో బీరు పొయ్యమని చెప్పాను. సిరా కరిగి బీరులో కలిసిపోతుంది. నువ్వు అది తాగెయ్యి. ఈ ఉత్తరం నీ కడుపులో తప్ప ఇంకెక్కడా ఉండకూడదు.

నువ్వు ఏదైనా విని ఉంటే నమ్మకు. నీకు నేను రాసిన మొదటి గిన్నె నీకు తెలుసు. వాణ్ణి చూసుకోమని రాశాను. నిన్ను సాగనంపిన రోజు విందుకి నీలం అంచు గిన్నెలు ఆరు కొన్నాం, ఒకటి ఇంట్లో మిగిలిపోయింది. అమావాస్యకి ముందు దాంట్లో ఇంకొక ఉత్తరం రాశాను. "సెన్నూ, నీ ప్రాణం తీసినవాణ్ణి తీసుకుపో. వాడు నీ పాలు తాగాడు, నువ్వు వాడి ఊపిరి తాగు. అమ్మ ఆజ్ఞ." ఇలా రాశాను. రాస్తూ ఉంటే నా చేతికి అవి కొత్త మాటల్లా లేవు, అదే నాకు భయం వేసింది. పాతదిలా కనబడాలని మసి పూశాను, ఎండలో పెట్టాను, ఇసకతో రుద్దాను. తీసుకెళ్ళి నీ పెట్టె వెనక దోపాను. ఆ తరవాత నఖ్తు దగ్గరికి వెళ్ళి, నిన్ను సాగనంపిన రోజే ఈ పని చేశానని నా నోటితో చెప్పాను.

వాళ్ళు వచ్చి వెతికి గిన్నె బయటికి తీశారు. ఖుయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రోజూ ఊడ్చేవాణ్ణి, ఈ గిన్నె నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు. "నీకు తిండి ఉన్న గిన్నెలే కనబడతాయి" అన్నాను. భటులు నవ్వారు. ఖుయి నవ్వలేదు. నన్ను చూశాడు, గోడ మీద నిన్ను చూశాడు. "అవునమ్మా, నా కళ్ళకి తిండే కనబడుతుంది" అని చీపురు పట్టుకుని వెళ్ళిపోయాడు.

రాజు ముందే ఆ గిన్నె పగలగొట్టారు. ఆ రోజు రావాల్సిన చలి రాలేదు. ఆ తరవాత మూడో రోజూ రాలేదు. నువ్వే చేశావో, జ్వరమే విసిగి వెళ్ళిపోయిందో, గిన్నె పగిలినందుకే తగ్గిందో నాకు తెలియదు. నఖ్తుకి మాత్రం బాగా తెలుసు, అందరికీ చెబుతున్నాడు.

ఐదో రోజు నన్ను రాజు దగ్గరికి తీసుకెళ్ళారు. దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన పలచని పప్పుకట్టు, సగం తాగి ఉంది. ఒంటికి రంగు వచ్చింది. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది, దగ్గరికి వెళ్ళబోయాను. భటుడు ఈటె అడ్డం పెట్టాడు.

"అమ్మా, అది నువ్వే రాశావా?" అన్నాడు.

నఖ్తు పక్కనే ఉన్నాడు. నేను కాదంటే మళ్ళీ నీ దగ్గరికే వస్తారు.

"నేనే రాశాను ప్రభూ" అన్నాను.

"నేను నీ ఒళ్ళో ఏడ్చాను కదా. అప్పటికే అనుకున్నావా?"

"అనుకున్నాను."

వాడు చిన్నప్పుడు దెబ్బ తగిలితే వెంటనే ఏడవడు, పెదవి కొరుక్కుంటాడు, నీకు తెలుసు. అలాగే కొరుక్కున్నాడు. "నువ్వు నన్ను ప్రభూ అని ఎప్పుడూ పిలవలేదు" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కిందనించి పాదాలు బయటికొచ్చి ఉన్నాయి. అక్కడ కప్పేవాళ్ళు ఎవరూ లేరు. కప్పుతానని అడగడానికి నాకు నోరెక్కడిది. వాడు బతికినన్నాళ్ళూ నేను వాడి చావు కోరానని అనుకుంటూ బతుకుతాడు. నిజం చెబితే వాడు నాకు మిగులుతాడు, నువ్వు పోతావు. ఎప్పుడూ ముందు వాడికి, మిగిలితే నీకు అన్నదాన్ని కదా. ఒక్కసారి నీకు ముందు పెట్టాను. ఇదేం పెట్టడమో నాకే తెలియదు.

నన్ను చంపలేదు. పాలిచ్చిన రొమ్మని వదిలేశారట. చచ్చాక పేరు లేకుండా ఏటి ఇసకలో పూడుస్తారు. కొండలో చోటు లేదు, తలుపు మీద పేరు లేదు. గోడ మీంచి నన్ను చెక్కి తీసేటప్పుడు దగ్గరుండి చూడాలన్నారు, చూశాను. ఉలి పెట్టినవాడు మంచి పనివాడు, నా బొమ్మ చుట్టూ గీత దాటకుండా తీశాడు. రాజు బొమ్మని తాకకూడదు కనక అది అలాగే ఉంచాడు. ఇప్పుడు వాడు కిరీటం పెట్టుకుని ఉత్త గాలిలో కూర్చున్నాడు. కింద ఒడి లేదు. నీ పేరు ఉంది. నేను దగ్గరికెళ్ళి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను, అన్నీ ఉన్నాయి. నువ్వూ ఉన్నావు, ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసుకుని, అలాగే నిలబడి.

పడమట నాకోసం దారి కాయకు నాన్నా. నేను రాలేను. చాప మీద నువ్వే సర్దుకుని పడుకో. కాళ్ళు నొప్పి పుడితే ఆ కుర్చీలో కూర్చో. ఇప్పుడు ఎవరూ వద్దనరు.

నీ అమ్మ