పేరు తీసేసిన గొంతు

అక్కకి,

నీ పిచ్చుక రాస్తున్నది. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఇది నీ వంటింట్లో ఆ స్పీకర్ ముందు మాట్లాడే సంగతి కాదు. చదివే ముందు దాని ప్లగ్గు తీసెయ్యి.

నువ్వు ఇల్లు మారినప్పుడు పిలిస్తే పలికే ఆ స్పీకర్ తెచ్చిపెట్టింది నేనే. మా కంపెనీ సరుకని గొప్పలు కూడా పోయాను. "ఇది నా మాటలన్నీ వింటుందా ఏమిటే?" అని నువ్వడిగితే, "మిషన్ వింటుంది, మనుషులెవరూ వినరు" అన్నాను. డబ్బా మీద కూడా అదే రాసుంది, నేనూ నిజమనే నమ్మాను. నా పని పాటలు వెతికిపెట్టే భాగం వరకే. పక్క గదిలో ఏం జరుగుతోందో ఎన్నడూ అడగలేదు.

పోయిన నెల ఆ పక్క గదిలో మనుషులు చాలక నన్ను కూర్చోబెట్టారు. జనం ఇళ్ళలోంచి వచ్చిన మాటల ముక్కలు విని, ఏమన్నారో టైపు చేసి, గొంతులో సంతోషముందో దిగులుందో గుర్తు పెట్టాలి. స్పీకర్‌ని పిలిచి మాట్లాడినవే కాదు, పిలిచారని అది పొరబడి పట్టుకున్నవీ వస్తాయి. గొంతుంటుంది, పేరుండదు. ఒకాయన కుక్కతో పోట్లాడతాడు. ఒకావిడ లెక్కలు రాలేదని కొడుకుని తిట్టి, వాడు వెళ్ళాక "నాకు మాత్రం వచ్చి ఏడ్చాయా" అని గొణుక్కుంటుంది. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను ఎవరి తలుపు సందులోంచో తొంగి చూస్తున్నట్టు ఒళ్ళు ముడుచుకుపోయేది. గది నిండా మనుషులమే, కాని అందరి చెవులూ ఎవరెవరి ఇళ్ళలోనో ఉంటాయి. పక్కవాళ్ళతో పలకరింపు కూడా ఉండదు.

మంగళవారం నీ గొంతు వచ్చింది.

"మీ బావా? స్నానం చేస్తున్నారే" అన్నావు. కాసేపాగి ఇంకాస్త హుషారుగా మళ్ళీ అదే. మూడోసారి చివర చిన్న నవ్వు చేర్చావు. ఎవరూ బదులు పలకలేదు. కుర్చీ జరిగిన చప్పుడయ్యాక నీలో నువ్వే, "ఆర్నెల్లనుంచీ స్నానమేనా అంటుందేమో" అనుకున్నావు.

ఆ ముందు ఆదివారం బావేరని నేనడిగినప్పుడు ఫోన్లో విన్నది ఆ మూడో నవ్వేనక్కా. బావ ఇంట్లో లేరని నాకలా తెలిసింది, నువ్వు చెప్పకుండానే.

తెర మీద సంతోషం అనీ, దిగులు అనీ రెండు గడులున్నాయి. ఏదీ నొక్కలేక మా హెడ్ దగ్గరికెళ్ళాను. మనుషులు వింటున్నారని కొన్నవాళ్ళకి చెప్పాలి కదా అన్నాను.

"పేర్లు తీసేశాం కదమ్మా, ఎవరి గొంతో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది సార్. అందులో మా అక్క ఉంది."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. "అయితే అదొక్కటీ చెరిపేసుకో. నేను చూడనట్టే ఉంటాను" అన్నారు. చెడ్డ మనిషి కాదు, నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నారు.

నేను చెరపలేదు. నీదొక్కటీ తీసేసి చేతులు దులుపుకుంటే, ఆ కుక్కాయనకీ ఆ తల్లికీ ఎవరు చెబుతారు? కొనుగోలుదారుల ఫిర్యాదులు వినే ఆఫీసుకి రాద్దామని ఉంది. కాని సాక్ష్యమేదంటే నేను చూపించగలిగింది నీ గొంతే. అది నాది కాదు. నువ్వు వద్దంటే నోరెత్తను. రమ్మంటే మాత్రం ఉన్నపళంగా వస్తాను.

నీ
పిచ్చుక

---

పిచ్చుకకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. ఏడుస్తుండగా విన్నా సర్దుకునేదాన్ని. నువ్వు విన్నది నేను అబద్ధాన్ని సాధన చేస్తుండగా. అంతకన్నా తలవంపు ఏముంటుంది?

ఆయన వెళ్ళిపోయారు. ఎవరితో, ఎక్కడికి అన్నది రాయబుద్ధి కావడం లేదు. మీకెందుకు చెప్పలేదంటావా? చెబితే ఆ మర్నాటి నుంచి అమ్మా నువ్వూ నన్ను దిష్టి తగిలిన పసిపిల్లలా చూస్తారు. వారానికొకసారి మామూలు మనిషిలా మాట్లాడుకునే చోటు నాకు ఆ ఫోనొక్కటే మిగిలింది. దాన్నీ పోగొట్టుకోలేకపోయాను.

ప్లగ్గు తీశాను. నిజం చెప్పనా, ఇల్లు మరీ మూగబోయింది. వాన పడుతుందా అని రోజూ దాన్నే అడిగేదాన్ని, కిటికీ తీస్తే తెలుస్తుందని తెలిసి కూడా.

కోపం చల్లారాక మీ కంపెనీకి నేనే రాశాను, నా ఇంట్లో మాటలు ఎవరైనా విన్నారా అని. మర్నాడే జవాబొచ్చింది, ఎంత మర్యాదగానో. ఏ మనిషీ వినలేదట! నేను దాచుకున్నది నా సంగతి. వాళ్ళు దాస్తున్నదీ నా సంగతే. ఆ తేడా తెలిశాక నాకు నిద్రపట్టలేదు.

ఫిర్యాదు నా పేరుతోనే పెట్టాను. నువ్వు సాక్ష్యం చెప్పు. ఇప్పుడే మాత్రం రాకు. నీ మొహం చూడ్డానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

అక్క

---

అక్కకి,

పోయిన వారం ఆ ఫిర్యాదుల ఆఫీసులో సాక్ష్యం చెప్పాను. కంపెనీ వకీలు, "ఆ ముక్కలో ఏముందో చెప్పండి, మీరు నిజంగా విన్నారని నమ్ముతాం" అన్నాడు. చెబితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. "అది మా అక్క మాట, నేను చెప్పను" అన్నాను. "అంటే లేదన్నమాట" అని నవ్వాడు. నీ పరువు కాపాడబోయి నీ ఫిర్యాదునే ముంచేశాననుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి మా హెడ్ లేచారు. ఆయన కంపెనీ తరఫున వచ్చిన మనిషి. "ఆ రికార్డు ఉందండీ. చెరిపెయ్యమని ఈ అమ్మాయికి చెప్పింది నేనే. అలాంటివి ఇంకా వేలున్నాయి" అన్నారు. వకీలు చెయ్యి పట్టుకు లాగినా కూర్చోలేదు.

కొన్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలపాలని, అడిగినవాళ్ళ గొంతులు చెరిపెయ్యాలని తీర్పిచ్చారు. ఆ గదికి తాళం పడింది. హెడ్‌ని ఇంటికి పంపేశారు. నన్ను ఇంకా పంపలేదు కాని, మెట్ల కింద ఒక బల్ల వేసి ఏ పనీ ఇవ్వడం లేదు. భోజనానికి నా పక్కన ఎవరూ కూర్చోరు. నిన్న సాయంత్రం హెడ్ ఇంటికెళ్ళాను. ఆయనే, "మీ అక్క ఎలా ఉందమ్మా?" అని అడిగారు. తెలియదండీ అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

నీ
పిచ్చుక

---

పిచ్చుకకి,

అమ్మకి అంతా చెప్పేశాను. తిట్టింది. ఆయన్ని కాదు, నన్ను. తర్వాత, అన్నం తిన్నావా అని అడిగింది.

శనివారం రా. ఒక దుప్పటి తెచ్చుకో, ఇక్కడ ఉన్నది ఒక్కటే.

అక్క