మూడంతస్తులు ఎక్కిన రోజు

వడోద్, సూరత్
20-6-2021

లతకు ఓంప్రకాష్ రాయునది. నాకు మతి పోయిందని ఇక్కడ మేస్త్రీగా ఉన్న మన ఊరి దేవయ్య ఊళ్లోవాళ్లకు ఫోన్లు చేశాడట. అది అబద్ధం. నేను బాగానే ఉన్నాను.

నాకు కరోనా తగ్గి పనికి వెళ్లిన మొదటి రోజే అతను నాతో నూలు మూటలు మూడంతస్తులు మోయించాడు. రొప్పు తగ్గకముందే మగ్గం మీద రంగు పోగులు వరుసగా ఎక్కించమన్నాడు. ఎరుపు తర్వాత ఏ రంగో ఎంత ఆలోచించినా తోచలేదు. "నీ దిమాగ్ ఖరాబైంది, ఇంటికి పో" అని అందరి ముందూ అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నవాణ్ణి, నన్ను అనవలసిన మాటేనా అది?

పక్క మగ్గం నడిపే బ్రహ్మచారి అనే అతను జేబులోంచి ఆక్సిజన్ చూసే మిషను తీసి నా వేలికి పెట్టాడు. ఎనభై ఆరు.

"దిమాగ్ మంచిగనే ఉంది మేస్త్రీ, గాలి అందుతలేదు. జర కూసోనియ్యి" అన్నాడు.

అరగంట కూర్చున్నాను. తొంభై నాలుగుకు వచ్చాక ఆ వరుసంతా ఒక్క తప్పు లేకుండా ఎక్కించాను. దేవయ్య వచ్చి పోగులు చూసుకుని వెళ్లాడు. పని పోలేదు గానీ, ఊళ్లో పోయిన పరువు ఎవరు తెస్తారు?

నీకూ జ్వరం తగ్గి నెలే అయింది. నీళ్లు మోసి రాగానే చుట్టిన బీడీలు లెక్కపెట్టకు. లెక్క తప్పితే భయపడకు, ఆయాసం తగ్గాక మళ్లీ లెక్కపెట్టు. పాప దగ్గు ఎలా ఉంది? దానికి నా దీవెనలు, అమ్మకు దండాలు.

ఈ కార్డు దాచిపెట్టకు. ఊళ్లో దేవయ్య ఇంటికి వెళ్లి వాళ్లవాళ్లకు చదివి వినిపించు.