పాల రేటు కేసులో నాన్న సంతకం

మంకాటో,
3 నవంబరు 1888.

నాన్నకు రొజాలియా నమస్కారాలు.

పద్నాలుగో తేదీన నువ్వు కోర్టులో బైబిలు మీద చెయ్యి వేసి, జూలైలో నువ్వు సంతకం పెట్టిన కాగితంలోని మాటలను రైలు కంపెనీవాళ్లు తర్వాత ఇరికించారని చెప్పబోతున్నట్టు రాశావు. ఆ ప్రమాణానికి ముందే ఈ ఉత్తరం నీకు చేరాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను కులాసాగానే ఉన్నాను. అమ్మకు దగ్గు తగ్గిందని తలుస్తాను. నా బూట్ల సంగతి అడిగావు. అడుగు తోళ్లు కొత్తగా వేయించాను, మంచుకు ఆగుతాయి. అమ్మ పంపిన గసగసాల రొట్టెలు గదిలోని అమ్మాయిలందరం పంచుకున్నాం.

స్టేషనులో ఎవరూ నీ పాల క్యాన్లకు చెయ్యి వేయడం లేదని చదివాక, ఆ రోజు ఇక్కడి బడిలో పాఠాలేవీ తలకెక్కలేదు. మన చెక్ భాషవాళ్లు ఎప్పుడూ ఒకరి క్యాన్లు ఒకరు రైలుబండిలోకి ఎత్తుతారు కదా. "కంపెనీ అల్లుడికి మా సాయమెందుకురా మతౌష్? మీ మామగారే వచ్చి ఎత్తుతార్లే!" అని హవెల్కా బాబాయి అందరి ముందూ అన్నాడట. పాల రవాణా రేటు తగ్గించమని రాష్ట్ర రైల్వే కమిషనుకు పెట్టిన అర్జీ కోసం చలిలో ఇల్లిల్లూ తిరిగినవాడివి నువ్వు. కమిషను తగ్గించింది. అలా తగ్గించే హక్కు రాష్ట్రానికి లేదని కంపెనీ కేసు వేస్తే, వాళ్ల సాక్ష్యాల్లో నీ సంతకం బయటపడింది.

జూలైలో, నేను సెలవులకు ఇంట్లో ఉండగా, స్టేషను ఏజెంటు ఆ కాగితం తెచ్చినప్పుడు, "పాలు వేళకు చేరుతున్నాయని రాశాం, అంతే. సంతకం పెట్టవయ్యా," అన్నాడు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బాబూ! నాకు ఇంగ్లీషు రాకపోతేనేం? మా పిల్ల చదివి చెప్తుంది. దాని కళ్లు గప్పడం నీ తరం కాదు," అన్నావు.

నాన్నా, వాళ్లు ఏమీ ఇరికించలేదు. ఆ మాటలు రెండో పేజీలో అప్పుడే ఉన్నాయి. మొదటి పేజీ నాకు అర్థమైంది. రెండోదంతా కోర్టు ఇంగ్లీషు. మూడుసార్లు చూసినా తలాతోకా తెలియలేదు. తెలియలేదనడానికి నోరు రాలేదు. నువ్వు ఏజెంటు వైపు అంత గర్వంగా చూస్తున్నావు. "ఇదీ పాలు వేళకు చేరడం గురించే, నాన్నా," అన్నాను. నువ్వు సంతకం పెట్టావు.

కంపెనీ వసూలు చేసే రేటు న్యాయమైనదేననీ, రాష్ట్రం కల్పించుకోనక్కరలేదనీ అక్కడ ఉందని సెప్టెంబరులో పత్రిక చూసి తెలుసుకున్నాను. అయినా చెప్పలేదు. "మా రొజాలియా చదివింది, అప్పుడా మాటే లేదు," అని నువ్వు ఊరంతటితో వాదిస్తుంటే, నేను ఇక్కడి వానల గురించి నీకు రాస్తూ కూర్చున్నాను.

కంపెనీ మోసం చేసిందని జడ్జిగారికి ఇంగ్లీషులో రాసిపెట్టమన్నావు. అది రాయలేను. చదవలేక నేనే అబద్ధం చెప్పానని కోర్టుకు వచ్చి చెబుతాను. నువ్వు మాత్రం ఆ ప్రమాణం చేయకు.

పన్నెండో తేదీ పొద్దున ఖాళీ క్యాన్లు తెచ్చే రైలుబండిలో వచ్చి దిగుతాను. ఆ వేళకు అందరూ ప్లాట్‌ఫారం మీదే ఉంటారు. హవెల్కా బాబాయికి, మిగతావాళ్లకు అక్కడే చెబుతాను. నువ్వు నా పక్కన నిలబడనక్కరలేదు. ఆ తర్వాత నన్ను నీ బండిలో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్తావో లేదో, పదో తేదీలోగా ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నువ్వు నమ్మి చదివించిన కూతురు,
రొజాలియా