చైన్ బాగానే ఉంది, అన్నయ్యా

అన్నయ్యా, పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. అమ్మకి మాత్ర టిఫిన్ తిన్నాకే ఇవ్వు. నీ అలారం ఆపింది నేనే. లేచి ఇల్లు పీకి పందిరెయ్యకు.

చలి తగ్గాక ఇదే మొదటి పెద్ద సైకిల్ రైడ్, అయినా నువ్వు లేకుండానే వెళ్తున్నాను. పోయిన ఆదివారం ప్రాక్టీసులో ఎదురుగాలికి అందరూ వంతులేసుకుని ముందు తొక్కారు. నీ వంతు వచ్చిన ప్రతిసారీ నీ చైన్ జారింది, నీ బదులు నేనే ముందుకెళ్లాను. నా వీపు చాటున గాలి తగలకుండా హాయిగా వచ్చి, చివర్లో నన్ను దాటేసి, టీకొట్టు దగ్గర ఏమన్నావు? "మా చెల్లిని లాక్కొచ్చేసరికి నా ప్రాణం పోయింది" అన్నావు. అందరూ నవ్వారు. నేను టీ ముట్టలేదు, అదీ నీకు కనపడలేదు. ఇంటికొచ్చి అమ్మకీ అదే కథ చెప్పావు. పాపం, అమ్మ కూర్చుని నీ మోకాళ్లకి నూనె రాసింది.

రాత్రి నీ చైన్ విప్పి చూశాను. దానికి ఏ రోగమూ లేదు. తుడిచి నూనె వేసి పెట్టాను.

మర్చిపోయాను. తిరిగొచ్చేటప్పుడు వంతెన నుంచి ఇంటిదాకా ఎదురుగాలే. అప్పటికి నాకు ఓపిక ఉండదు. మధ్యాహ్నం వంతెన దగ్గరికి రా. ఈసారి నిజంగానే లాక్కురా.