పొగమంచులో మీ బావ

తమ్ముడు జయరాజ్‌కు,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలని అక్క ప్రార్థన.

నువ్వు ఫ్రేము కట్టించి పంపిన ఫొటో అందింది. మన రెంజల్ చెరకు తోట మీద పొగమంచు, వెనక లేత ఎండ. చూసినవాళ్లంతా బాగుందన్నారు. నేను మాత్రం అందులో మీ బావ కోసం వెతికాను.

ఆ పొద్దున ఆయన నీ కెమెరాకు అడ్డమొస్తే, "బావా, జర పక్కకు జరుగు. ఫొటోల ఉత్త మంచే ఉండాలె" అన్నావు. ఆయన నవ్వుతూ గట్టు చివరకు జరిగాడు. అయినా ఫొటోలో పడ్డాడు. తర్వాత రోడ్డెక్కగానే, అదే మంచులో లారీ గుద్దింది.

నిన్న ఫోన్‌లో అడిగితే ఏడ్చావు. "సూడలేక బావ ఉన్న దిక్కు కట్ చేసిన అక్క. అసలు ఫొటో గూడ డిలీట్ కొట్టిన" అన్నావు. నీ మీద కోపం లేదు. కానీ నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క పెళ్లి ఫొటోలో ఉన్నది మీసం కూడా సరిగా రాని పిల్లగాడు. నాతో కాపురం చేసిన మనిషి ఎక్కడా లేడు, తమ్ముడూ.

ఒక్కటి చెప్పు. ఆయన ఫొటోకు కుడి పక్క నిలబడ్డాడా, ఎడమ పక్కా? నువ్వు కట్ చెయ్యకుంటే ఫ్రేముకు ఎంత దూరంలో ఉండేవాడు? ఫ్రేము తగిలించిన గోడ మీద అక్కడ చెయ్యి పెట్టుకుంటాను.

మీ అక్క